బతికున్న మనిషికి పూలదండ

కర్నూలు నుంచి పత్తికొండ పోయే బస్సులో ఆ కండక్టరమ్మ అన్న మాట యామిని వెంటే మైదుకూరు దాకా వచ్చింది. పుట్టింట్లో ఉన్నంతసేపూ పక్కలోనే పడుకుంది, తిరుగు ప్రయాణంలో ఒళ్ళో కూర్చుంది, ఇప్పుడు అత్తగారింట్లో ఆమె ఏ గదిలోకి పోతే ఆ గదిలోకి వస్తోంది.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువైనాయంటే చూసి వద్దామని బయల్దేరిన మనిషి యామిని. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి టికెట్టు కోసం ఆధార్ కార్డు చూపించింది. కండక్టరమ్మ చూపు భర్త పేరు దగ్గర ఆగింది. హర్షవర్ధన్, మైదుకూరు. ఆమె తలెత్తింది. అప్పుడు యామినీ చూసింది. ఆ ముఖం ఆమెకు కొత్తది కాదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టుకుంటున్న ముఖం. నడవలో గోడ మీద దండ వేసిన ఫొటోలోని ముఖం. హర్ష మొదటి భార్య శివలీల. కేసీ కాలవలో జారిపడి కొట్టుకుపోయిందని, శవం కూడా దొరకలేదని అందరూ చెప్పిన శివలీల!

ఆమె యామిని మెడలో మంగళసూత్రం పక్కన వేలాడుతున్న చిన్న బంగారు బిళ్ళను చూసింది. మొదటి పెళ్ళాం పోతే, ఆమె ఆత్మ అలగకుండా రెండో పెళ్ళాం మెడలో వేసే సవతి బిళ్ళ అది. టికెట్టు చేతిలో పెడుతూ వంగి, "ఆ బిళ్ళ తీసేయ్ చెల్లీ. నేను సచ్చిపోల్యా" అంది. అంతే. "ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి" అని కేకలేసుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది. పత్తికొండలో దిగేటప్పుడు యామిని ఎంతసేపు నిలబడి చూసినా, ఆమె మళ్ళీ ఇటు తిరగలేదు.

ఈ సంగతి యామిని ఎవరితోనూ అనలేదు. అనడానికి ముందు తాను నమ్మాలి కదా! ఒకసారి ఆమే అనిపించేది. ఇంకోసారి, మూడో నెల కడుపు, ఎండ, డీజిలు వాసన, కళ్ళు తిరిగి ఎవరినో చూసి ఎవరో అనుకున్నానేమో అనిపించేది. మనిషిని పోలిన మనిషి ఉండరా? ఉంటారు. కానీ పోలిన మనిషి, 'నేను చచ్చిపోలేదు' అంటుందా?

ఇలా తేలకుండానే శ్రావణ మాసంలో ఆ రోజు వచ్చింది. శివలీల పోయిన తిథి.

ఏటా ఆ రోజు ఆ ఇంట్లో చీర పెడతారు. ముత్తైదువగా పోయిన మనిషి కాబట్టి ఫొటో ముందు కొత్త చీర, రవిక గుడ్డ, గాజులు, పసుపు కుంకుమ పెట్టి, ఆమెకు ఇష్టమైనవి వండి ఆకులో వడ్డిస్తారు. తర్వాత ఆ చీర యామిని కట్టుకోవాలి. శివలీలకు ఓళిగలంటే ప్రాణమట. యామిని పుట్టింటి వైపు వాటిని భక్ష్యాలంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట అంటే హర్ష నవ్వి, "ఏదన్నా అనుకో, నెయ్యి మాత్రం తక్కువ పొయ్యద్దు" అన్నాడు.

హర్ష అలాంటివాడు. గొంతు పెంచి మాట్లాడడు. పసుపు కొట్టు నుంచి వచ్చేటప్పుడు మూర మల్లెలు లేకుండా రాడు. కూతురు నందినికి జ్వరమొస్తే భుజం మీద వేసుకుని తెల్లవార్లూ తిరుగుతాడు. శివలీల మాట వస్తే మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంటాడు. పాపం, ఎంత ప్రేమో అనుకునేది యామిని ఇన్నాళ్ళూ. ఒక్కోసారి కొంచెం కుళ్ళుకునేది కూడా.

ఇప్పుడు పూర్ణానికి బెల్లం పాకం తిప్పుతూ ఆమె చేతులు ఆగిపోతున్నాయి. బతికి ఉన్న మనిషికి తద్దినపు వంట వండుతున్నానా? లేక చచ్చిపోయిన మనిషిని బస్సులో చూశానా? రెంటిలో ఏది నిజమైనా తన బతుకు సరిగ్గా నిలబడేట్టు లేదు. ఆమె బతికి ఉంటే, విడాకులనే మాటే ఎన్నడూ ఎవరి నోటా వినలేదే, మరి తానేమవుతుంది? పక్కింటి వాళ్ళు 'హర్ష పెండ్లాం' అనేది ఎవరిని?

"పాకం ముదిరిపోతాంది సూడు" అని నడవలోంచి కేకేసింది అత్త గురమ్మ.

యామిని ఉలిక్కిపడి పొయ్యి ఆర్పింది.

మామ తిమ్మయ్య పసుపు మండీకి పోయినాడు. హర్ష పూలు తేవడానికి బజారుకు పోయినాడు. నందిని బడిలో ఉంది. ఇంట్లో అత్తా కోడళ్ళిద్దరే. గురమ్మ నడవలో కూర్చుని అరిటాకు కొసలు కత్తిరిస్తోంది. ఆమెది తక్కువ మాట. భర్త ముందు ఆమె నిలబడి మాట్లాడగా యామిని ఇంతవరకు చూడలేదు. ఆయన భోంచేసి లేచేదాకా గడప అవతలే ఉంటుంది. నీళ్ళు కావాలని ఆయన తలెత్తేలోపల చెంబు ఆయన చేతిలో ఉంటుంది.

ఫొటో ముందు పీట మీద మెరూన్ రంగు మాధవరం నేత చీర మడతపెట్టి ఉంది. వంట ముగిశాక యామిని ఆకులో ఓళిగలు, చిత్రాన్నం, పప్పొడి, వంకాయ కూర ఒక్కొక్కటే పెట్టింది. పెడుతూ ఫొటో వైపు చూసింది. ఎడమ కనుబొమ చివర చిన్న గాటు. బస్సులో కూడా అక్కడే ఉంది ఆ గాటు. ఇంతసేపూ ఇది ఎందుకు గుర్తు రాలేదు?

"దీపం ముట్టిచ్చు. బిళ్ళకు కుంకుమ పెట్టుకో" అంది గురమ్మ.

యామిని దీపం వెలిగించింది. చెయ్యి కుంకుమ భరిణెలోకి పోయింది గానీ మెడ దాకా రాలేదు.

"అత్తా, ఈ బిళ్ళ నాకు ఏంటికి ఏసినారు?"

"అదేం మాటమ్మీ? పోయిన సవతి కండ్లు సల్లగుండాలని ఏస్తారు. మీ పక్క ఎయ్యరా?"

"ఏస్తారు. సచ్చిపోయినోళ్ళకు కదా ఏసేది."

కత్తిపీట మీద గురమ్మ చేతులు ఆగినాయి. తల మాత్రం ఎత్తలేదు.

"ఆయమ్మ సచ్చిపోల్యా అత్తా. నేను సూసినా. పత్తికొండ బస్సులో నాకు టికెట్టు కొట్టింది."

ఆ మాట అనడానికి యామిని ఎన్ని రకాలుగా సిద్ధపడిందో లెక్కలేదు. అత్త తిడుతుందనుకుంది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇట్లాంటివి కనబడతాయని దిష్టి తీస్తుందనుకుంది. చెంప పగలగొట్టినా ఆశ్చర్యపోకూడదనుకుంది. వీటిలో ఏదీ జరగలేదు. గురమ్మ లేచింది. వీధి తలుపు దాకా పోయి బయటికి తొంగి చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. కోడలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"బాగుండాదా?" అని అడిగింది.

యామినికి మొదట అర్థం కాలేదు.

"సన్నబడిందా? మనిషి కళగుండాదా?" గురమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "పక్కన పాప ఏమన్నా ఉండాదా? ఆరేండ్ల పాప?"

"నీకు తెలుసా!" యామిని వెనక్కి జరిగింది. వీపు గోడకు తగిలింది. "ఆయమ్మ బతికుండేది నీకు తెలుసా అత్తా?"

"యాడుండాదో తెలీదు. బతికుండాదని మాత్రం..." గురమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గట్టిగా తెలీదు, అమ్మీ. అనుకుంటా ఉన్న్యా. దినామూ పొద్దున్నే నువ్వు దీపం పెడతాంటే, తల్లీ నువ్వు యాడన్నా సల్లగుండు అని నేను మొక్కుకుంటా ఉన్న్యా. నువ్వు ఆత్మకనుకున్న్యావు."

"కాలవలో పడిందన్న్యారే? సెప్పులు గట్టు మీద దొరికినాయన్న్యారే?"

"దొరికినాయి. నేనే పెట్టినా."

యామినికి తన తల ఎవరో రోట్లో వేసి రుబ్బుతున్నట్టుంది. ఇంట్లో ఇన్నాళ్ళు కసువు ఊడ్చినట్టు, నీళ్ళు చల్లినట్టు, అంత మామూలుగా అంటోంది ఈ మనిషి. చెప్పులు నేనే పెట్టినా!

గురమ్మ చెప్పింది. వరుసగా చెప్పలేదు. ముందుది వెనకా, వెనకది ముందూ చెప్పింది. యామిని మధ్యలో ఆపి ఆపి అడిగితే తెలిసింది ఇది.

శివలీలకు పెళ్ళయిన ఏడాదికే కడుపు నిలిచింది. తిమ్మయ్య తనకు తెలిసిన వాళ్ళను పట్టుకుని బళ్ళారిలో ఒక డాక్టరు దగ్గరికి పంపించినాడు. పైకి బోర్డు ఒకటి, లోపల పని ఒకటి. ఆడపిల్ల అన్నారు. తిరిగి వచ్చేటప్పటికి కడుపు లేదు. ఇంట్లో ఎవరూ ఏడవలేదు. "నిలవలేదు" అని ఊరికి చెప్పినారు. రెండోసారి మళ్ళీ బళ్ళారి. మళ్ళీ "నిలవలేదు". మూడోసారి కూడా బళ్ళారి పోయి వచ్చినారు, మళ్ళీ ఆడపిల్లే అన్నారు. ఈసారి నెలలు కొంచెం ముదిరినాయి, మందులు తెప్పించాలి, వారం ఆగి రమ్మన్నారు.

"ఆ వారం అది నా దగ్గరికొచ్చి ఒక్క మాట అడగల్యా" అంది గురమ్మ. "పొయ్యి కాడ కూసోని ఎసరు దిక్కు సూస్తా ఉన్నింది. నేను రెండుసార్లు దాని నడుముకు నూనె రాసి నీళ్ళు పోసినదాన్ని. ఆ ఒళ్ళు నా సేతులకు తెలుసు. మూడోసారి పొయ్యలేననుకున్న్యా. తెల్లారకముందే లేసి, గొళ్ళెం తీసి, 'పోవే' అన్న్యా. ఏడికని అడిగింది. నాకేం తెలుసు? 'ఏడికన్నా పో, మీ అమ్మోళ్ళింటికి మాత్రం పోవద్దు, మీ అన్నే ఎనక్కి తెచ్చి దిగబెడతాడు' అన్న్యా."

"మరి సెప్పులు?"

"బతికుండాదంటే ఎతుకుతారు. పరువు పోయిందని ఎతుకుతారు. దొరికిందాకా ఎతుకుతారు. మీ మామ సంగతి నీకు తెలీదు, నవ్వుతానే సేస్తాడు ఏదైనా. సచ్చిపోయిందనుకుంటే గమ్మునుంటారు. కాలవ ఆ యేడు నిండుగా పోతాంది. సెప్పులు, సెంబు గట్టు మీద పెట్టి ఇంటికొచ్చి కసువు సిమ్మినా."

బయట ఏదో ఆటో ఆగి పోయింది. ఇద్దరూ మాట ఆపి విన్నారు.

యామిని అత్త చేతుల వైపు చూసింది. ఎండిన పసుపు కొమ్ముల్లాంటి వేళ్ళు. ఒక మనిషిని బతికించిన చేతులవి. కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. మరుక్షణమే ఇంకొకటి తట్టింది. తట్టి, లోపల ఎక్కడో మండింది.

"ఒకదాన్ని తలుపు తీసి పంపిస్తివి. మరి నన్నేంటికి తెచ్చినావత్తా, ఇదే ఇంట్లోకి?"

గురమ్మ కత్తిరించిన ఆకు ముక్కలు ఒక్కచోటికి నెట్టింది.

"మా ఇంటికి సూడను వచ్చింది నువ్వే కదా. మా అమ్మ రెండో సంబంధమని ఎనకా ముందూ ఆడతాంటే, సేతులు పట్టుకోని 'నీ కూతుర్ని నా కూతురు మాదిరి సూసుకుంటా' అన్న్యావు. అప్పుడు నీకు ఇదంతా తెలుసు. తెలిసే తెచ్చినావు!"

"తెలిసే తెచ్చినా."

"ఏంటికి?"

"ఇల్లు ఖాళీగా ఉంటే వాళ్ళకు అదే గ్యాపకం వస్తా ఉంటాది. ఇంకొక ఆడమనిషి ఇంట్లో తిరగతాంటే దాన్ని మర్సిపోతారనుకున్న్యా." గురమ్మ నేల మీద వేలితో గీత గీసింది. "దాన్ని బతికిచ్చుకునేదానికి నిన్ను తెచ్చి పెట్టినా. ఇంగ ఎట్ల సెప్పినా అంతే అమ్మీ. తిట్టు. పడతా."

యామిని ఆమె ముఖంలోకి చూసింది. ఎవరిని తిట్టాలి? ఈమె మంచిదా, చెడ్డదా? ఒక్క మనిషిలో ఇవి రెండూ ఇంత దగ్గర దగ్గరగా ఎట్లా ఉంటాయి? ఆమె బుర్ర ఇంకో దారి పట్టింది. "నందిని కడుపులో ఉన్నప్పుడు నన్నెవురూ యాడికీ తీస్కపోల్యా. ఆడపిల్ల పుట్టిందని ఎవురూ ఒక మాట అనల్యా. మామే కదా పేరు పెట్టింది! మహానందిలో మొక్కుకుంటే పుట్టిందని ఊరంతా సక్కెర పంచినాడు."

"భయపడినాడు. కాలవలో పడి సచ్చిన ముత్తైదువ ఉసురు తగుల్తాదని ఎవురో సోదె సెప్పింది. ఆయప్ప గుండెల్లో అది పడింది. అందుకే ఫొటో, అందుకే దండ, అందుకే నీ మెడలో బిళ్ళ. నీ కూతురు పుట్టిందంటే ఆయమ్మ సలవే." గురమ్మ ఫొటో వైపు చూడకుండానే చూపించింది. "బతికుండే శివలీల దాని సొంత కడుపునే కాపాడుకోల్యా. సచ్చిన శివలీల నీ కూతుర్ని కాపాడింది. ఏం సెప్పాల నీకు!"

"మరి ఇప్పుడు?"

"భయం గూడా పాతబడతాది అమ్మీ. రెండోసారి ఆడపిల్లే అయితే ఎట్ల అని మొన్న అంటాండాడు."

సోమవారం బళ్ళారి పోవాలని హర్ష వారం కింద చెప్పినాడు. అక్కడ మంచి మిషను ఉందట, బిడ్డ ఎదుగుదల బాగా కనబడుతుందట. కర్నూల్లో లేని మిషను బళ్ళారిలో ఏముందని ఆరోజే అనుకుంది యామిని. అనుకుని, ఊరుకుంది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఊరుకుంది. ఇప్పుడు ఆ ఊరుకోవడం గుర్తొచ్చింది. తెలియక కాదు. తెలుసుకోవడం ఇష్టం లేక.

మల్లెలు తెచ్చే హర్ష. జ్వరమొచ్చిన కూతుర్ని మోసుకుని తిరిగే హర్ష. రెండుసార్లు శివలీలను బళ్ళారికి తీసుకుపోయి, కడుపు లేకుండా తీసుకొచ్చిన హర్ష. ఆ చివరి మనిషి ముఖం ఎట్లుంటుందో ఊహించుకోవాలని చూసింది. ఎంత ప్రయత్నించినా తనకు తెలిసిన ముఖమే కనబడుతోంది. అదే మెత్తటి నవ్వు.

"ఆయనకు తెలుసా, ఆయమ్మ బతికుండాదని?"

"తెలీదు. తెలిస్తే..."

"తెలుసు" అన్నాడు హర్ష.

ఇద్దరూ తిరిగి చూశారు. పెరటి వైపు తలుపులో నిలబడి ఉన్నాడు. వీధి తలుపు వేసి ఉంటే పెరట్లోంచి వచ్చినట్టున్నాడు. చేతిలో తామరాకు పొట్లం. పూల నీళ్ళు వేళ్ళ మీదుగా కారి చొక్కా అంచు తడుపుతున్నాయి. ఎప్పుడు వచ్చినాడో, ఎంత విన్నాడో తెలియదు.

గురమ్మ "ఒరే నాయనా..." అని లేవబోయి లేవలేక మళ్ళీ కూర్చుంది.

"నాకు తెలుసులేమ్మా" అన్నాడు. తల్లి వైపు కాదు, నేల వైపు చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు నేను నిద్రపోల్యా. అది మంచం దిగింది తెలుసు. నువ్వు గొళ్ళెం తీసిన సప్పుడు ఇన్న్యా. 'పోవే' అన్న్యావు, అదీ ఇన్న్యా. కండ్లు మూసుకోని పండుకున్న్యా."

ఫొటో ముందు దీపం వత్తి చిటపటలాడింది.

"సెప్పులు నేనే పోయి పోలీసోళ్ళకు సూపిచ్చినా కదా" అన్నాడు హర్ష. "అది సెప్పులు ఎప్పుడూ ఎట్ల పడితే అట్ల ఇడిసేది. గట్టు మీద జతగా, సక్కగా పెట్టినట్టుండినాయి. నువ్వు పెట్టినావని అప్పుడే తెలిసింది."

ఆరేండ్లు! యామిని వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. తల్లి కొడుకు నుంచి దాచింది. కొడుకు తల్లి నుంచి దాచినాడు. ఇద్దరూ కలిసి, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే అబద్ధానికి దండ మారుస్తూ వచ్చినారు. ప్రతి ఏడూ ఇదే పీట ముందు ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. తాను ఒక్కతే నిజంగా మొక్కింది.

అయితే ఇతను మంచివాడా? పోనిచ్చినాడు కదా! వెతకలేదు కదా! ఒక్క క్షణం ఆమె గుండె అతని వైపు ఒరిగింది. ఇతను తన హర్షే, తాను తెలుసుకున్న హర్షే అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఆ నీళ్ళు కిందికి జారకముందే అడిగింది.

"అన్నీ తెలిసినోడివి, మరి సోమారం నన్ను బళ్ళారికి ఏంటికి తీస్కపోతాండావు?"

హర్ష పొట్లం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నిన్నే అడుగుతాండా."

"ఊరికే సూపిచ్చుకోని వద్దామని..."

"ఆడపిల్ల అంటే?"

"నాయన..." అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయినాడు. ముప్పై ఐదేండ్ల మనిషి, మండీలో పదిమంది హమాలీలకు పని చెప్పే మనిషి, 'నాయన' అనే మాట తర్వాత ఇంకొక మాట దొరక్క నోరు తెరుచుకుని నిలబడినాడు.

అప్పుడు వీధిలో బుల్లెట్టు బండి వచ్చి ఆగింది.

గురమ్మ చటుక్కున లేచి కళ్ళు తుడుచుకుంది. హర్ష పొట్లం విప్పి పూలు బయటికి తీసినాడు. వాళ్ళ చేతులకు అలవాటున్నట్టుంది, ఏమీ జరగనట్టు సర్దుకోవడం. యామిని ఒక్కతే గోడకు ఆనుకుని అట్లాగే ఉండిపోయింది.

తిమ్మయ్య చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చినాడు. తెల్ల చొక్కా, నుదుట విభూది, ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు. "ఏమ్మా యామినీ, ఇంగా సీర కట్టుకోల్యా? పొద్దుపోతాంది కదా తల్లీ" అన్నాడు ఆప్యాయంగా. కొడుకు చేతిలో దండ తీసుకుని తానే ఫొటోకు వేసినాడు. కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించినాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. చివరి మాట మాత్రం పైకే అన్నాడు.

"తల్లీ శివలీలా, ఈ ఇంటి మీద కోపం పెట్టుకోవద్దు. ఈసారి ఈ ఇంట్లోనే మగోడై పుట్టమ్మా."

ఆయన కంట్లో నీళ్ళు ఉన్నాయి. అవి దొంగ నీళ్ళు కావు. అది చూసి యామినికి ఇంకా దిక్కు తోచలేదు. దొంగ నీళ్ళయితే బాగుండు, అసహ్యించుకోవడం సులువుగా ఉండేది.

తిమ్మయ్య కర్పూరం కళ్ళకద్దుకుని ఇటు తిరిగినాడు. "ఆఁ, సెప్పడం మర్సినా. బళ్ళారి డాక్టరు ఫోన్ సేసినాడు. సోమారం ఆయప్పకు యాడికో పొయ్యే పనుండాదంట. రేపే రమ్మన్న్యాడు. పొద్దున్నే బయల్దేరండి, కారు తీస్కపోండి."

హర్ష నేల చూస్తున్నాడు. గురమ్మ నేల చూస్తోంది. వాళ్ళిద్దరికీ అంత తెలిసి, అంత చేసి, ఈ ఒక్క మనిషి ముందు నేల తప్ప ఇంకేమీ కనబడడం లేదు. పోనని చెప్పాలనుకుంది యామిని. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"రేపే పోదాం మామా. అత్త గూడా మాతో వస్తాది."

ఒకసారి గొళ్ళెం తీసిన మనిషి పక్కనుంటే చాలనిపించి అంది. నడవలో ఉన్నవాళ్ళు ముగ్గురూ ఆమె వైపు చూసినారు.

తిమ్మయ్య నవ్వినాడు. "అదేంటికి ఆడికి? దానికేం తెలుసు ఆ ఇసయాలు?"

"నాకు తెలుసు" అంది గురమ్మ.

మెల్లగానే అంది. కానీ నిలబడి అంది. ఆయన ముఖంలోకి చూస్తూ అంది. తిమ్మయ్య నవ్వు పోలేదు గానీ, పెదవుల మీద అట్లాగే బిగుసుకుపోయింది. పెళ్ళాం వైపు చూసినాడు, కోడలి వైపు చూసినాడు, గోడకు ఆనుకున్న ఆమె మెడలో కుంకుమ పెట్టని బిళ్ళను చూసినాడు.

"ఏం జరగతాంది ఈ ఇంట్లో?"

జవాబు ఆడవాళ్ళ నుంచి రాలేదు. హర్ష ఫొటో పక్క నుంచి కదిలినాడు. తండ్రి ఎదుటికి వచ్చి నిలబడినాడు. తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"నాయనా, నీకొక మాట సెప్పాల. శివలీల గురించి."

గురమ్మ "వద్దురా!" అని కొడుకు చెయ్యి పట్టుకుంది. తండ్రిని ఎదిరించడానికే ఆ మాట ఎత్తుతున్నాడో, తండ్రికి శివలీలను అప్పగించడానికే ఎత్తుతున్నాడో, అతని ముఖం చూసి యామిని పోల్చుకోలేకపోయింది. తిమ్మయ్య గోడ వారనున్న ఇంకో పీట లాక్కుని కూర్చున్నాడు.

"సెప్పప్పా" అన్నాడు.